మీకు తెలుసా? చక్రవర్తికి మిఠాయి పెట్టెల్లో కానుక!

1929 జూన్ 1. జపాన్ చక్రవర్తి హిరోహిటోకి స్వయంగా జీవశాస్త్రమంటే మక్కువ. ఆయనకు పాఠం చెప్పడానికి యుద్ధనౌక నాగాటో ఎక్కినవాడు మినాకాటా కుమాగుసు (1867–1941), చేతిలో డిగ్రీ అన్నదే లేని మనిషి. వెంట తెచ్చిన కానుక 110 స్లైమ్ మోల్డ్ నమూనాలు. అవీ వేటిలో? క్యారమెల్ మిఠాయిల అట్టపెట్టెల్లో! పరివారం నివ్వెరపోయినా, చక్రవర్తి మాత్రం ముచ్చటపడ్డారట.

ఇంతకీ స్లైమ్ మోల్డ్ అంటే? కుళ్లిన దుంగల మీద జిగురు ముద్దలా పాకుతూ బ్యాక్టీరియాను తినేస్తుంది. కొన్నాళ్లకు ఆ పాకుడు మానేసి, పుట్టగొడుగులా సన్నటి కాడలు లేపి సిద్ధబీజాలు వెదజల్లుతుంది. చూపుకు బూజే గానీ, అసలు శిలీంధ్రమే కాదు.

కుమాగుసు అమెరికా, క్యూబా తిరిగి, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం పుస్తకాల మధ్య ఏళ్లు గడిపాడు. ‘నేచర్’ పత్రికలో ఆయన రాసినవి 50 దాకా ఉన్నాయి. ఏ ప్రొఫెసర్‌కైనా అసూయ పుట్టించే లెక్కే! 1900లో స్వదేశం చేరి, తర్వాత తనబే ఊళ్లో స్థిరపడ్డాడు. అక్కడ పెరట్లోని పెర్సిమన్ చెట్టు మీద దొరికిన కొత్త రకం స్లైమ్ మోల్డ్‌కి 1921లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త గులియెల్మా లిస్టర్ ‘మినాకాటెల్లా’ అని ఆయన పేరే పెట్టింది.

ఊరూరా చిన్న గుళ్లను కలిపేసి, వాటి వనాలను నరికించే సర్కారు ఉత్తర్వుపై పోరాడి కుమాగుసు 1910లో జైలుకూ వెళ్లాడు. ఆయన కాపాడాలని పట్టుబట్టిన కషిమా దీవి 1935లో జాతీయ ప్రకృతి స్మారకమైంది.