శ్రీనివాస కల్యాణం: పురాణం ఎంత, సినిమా ఎంత?

ఏడుకొండలవాడి పెళ్ళి కథ తెలియని తెలుగువాళ్ళు అరుదు. వేట, తోటలో రాళ్ళదెబ్బలు, ఎరుకలసాని సోది, వకుళమాత రాయబారం, కుబేరుడి అప్పు అన్నీ నోటికి వచ్చినవే. కానీ ఇందులో ఎంత పురాణంలో ఉంది, ఎంత 1960లో వచ్చిన ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ సినిమా నుంచి వచ్చింది అంటే చెప్పడం కష్టం. ఎన్టీఆర్‌నీ సావిత్రినీ చూశాక పుస్తకం ఎవరు తిప్పుతారు? తిప్పినా చిక్కు తీరదు. వేంకటాచల మాహాత్మ్యం ఒక్కరు రాసిన ఒక్క కథ కాదు. వరాహ, పాద్మ, భవిష్యోత్తర తదితర పురాణాల పేరుతో ఉన్న అధ్యాయాలను ఒకచోట కూర్చిన సంకలనం. పెళ్ళి ముచ్చట విస్తారంగా ఉన్నది భవిష్యోత్తర భాగంలో.

అపోహ: లక్ష్మికి తెలియకుండా స్వామి రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె వచ్చి నిలదీసింది. సవతుల పోరు పడలేక ఆయన శిలైపోయాడు.

వినడానికి రక్తికట్టే కథే. భవిష్యోత్తరంలో మాత్రం లక్ష్మి పెళ్ళికి ముందే వస్తుంది. భృగు మహర్షి స్వామి గుండెల మీద తన్నిన నాటి నుంచి ఆమె కరవీరపురంలో, అంటే కొల్హాపురంలో ఉంది. ఆమె లేనిదే పెళ్ళేమిటని శ్రీనివాసుడు సూర్యుణ్ణి పంపుతాడు. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పు, పరుగున వస్తుంది అని ఉపాయమూ నేర్పుతాడు. ఆమె కంగారుగా రానే వస్తుంది. అసలు సంగతి విని కోప్పడదు సరికదా, సంతోషిస్తుంది. దానికో కారణం ఉంది. రావణుడు ఎత్తుకుపోయింది మాయాసీతనని, సీత స్థానంలో లంకలో కష్టాలు పడ్డది వేదవతి అని ఈ కథ చెబుతుంది. ఆ వేదవతిని పెళ్ళాడమని సీత కోరితే, ఏకపత్నీవ్రతుడైన రాముడు కలియుగంలో చూద్దామన్నాడు. ఆ వేదవతే ఆకాశరాజు కూతురు పద్మావతి. అంటే ఈ పెళ్ళికి అసలు పెళ్ళిపెద్ద లక్ష్మే! ఇంత మంచి మలుపును వదిలేసి సవతుల జగడాన్ని పట్టుకోవడం మనకే చెల్లింది.

మరి తిరుచానూరు అమ్మవారు ఎవరు? ఆకాశరాజు కూతురని చాలామంది అంటారు. పాద్మపురాణ భాగంలోని కథ వేరు. అందులో స్వామి లక్ష్మి కోసం సరోవరం ఒడ్డున పన్నెండేళ్ళు తపస్సు చేస్తే, కార్తిక శుద్ధ పంచమి నాడు బంగారు తామరలో ఆమె అవతరించింది. తిరుచానూరు బ్రహ్మోత్సవాలు పంచమీతీర్థంతో ముగియడం, ఆ రోజు కొండ మీదినుంచి సారె రావడం ఈ కథను అనుసరించే. భక్తులు రెండు కథల్నీ కలిపేసుకున్నారు. అమ్మవారికి దాంతో పేచీ ఉన్నట్టు లేదు.

అపోహ: పెళ్ళి శ్రీనివాస మంగాపురంలో జరిగింది.

అక్కడి మూలవరుల పేరు కల్యాణ వేంకటేశ్వరుడు కావడం వల్ల పుట్టిన పొరపాటు ఇది. పెళ్ళి జరిగింది వధువు పుట్టినింట, నారాయణవనంలో. పుత్తూరు పక్కనే ఉన్న ఆ ఊరు ఆకాశరాజు రాజధాని అని స్థలపురాణం. అక్కడి స్వామి పేరు కూడా కల్యాణ వేంకటేశ్వరుడే. కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కకూడదు కనుక అగస్త్యుడి ఆశ్రమంలో ఆగారని, ఆ చోటే మంగాపురమని ఐతిహ్యం.

ఇక అప్పు. కలియుగం అంతమయ్యే దాకా స్వామి వడ్డీ కడుతూనే ఉండాలని అంటారు. భవిష్యోత్తరంలో ఉన్న రుణపత్రం చూస్తే గడువు అది కాదు. పుచ్చుకున్నవాడు శ్రీనివాసుడు, ఇచ్చినవాడు కుబేరుడు, అవసరం పెళ్ళి, సొమ్ము రామముద్ర ఉన్న 14 లక్షల నిష్కాలు. విళంబి నామ సంవత్సర వైశాఖ శుద్ధ సప్తమి నాడు రాసుకున్నారు. పెళ్ళి దశమి నాడు. ముహూర్తం మూడు రోజుల్లో పెట్టుకుని అప్పుకు తిరిగే ఆడపిల్లల తండ్రులకు ఇది కొత్తేమీ కాదు, కాకపోతే ఇక్కడ తిరిగింది పెళ్ళికొడుకు. పెళ్ళినాటి నుంచి వెయ్యేళ్ళు నిండాక వడ్డీతో తీర్చాలన్నది షరతు. సాక్షులు బ్రహ్మ, శివుడు, ఒక రావిచెట్టు. హుండీ సొమ్ము కుబేరుడికే పోతుందన్నది భక్తుల మాట. లెక్కల్లో చూస్తే అది పరకామణిలో తేలి టీటీడీ ఖాతాలో పడుతుంది. ఏటా వెయ్యి కోట్లు దాటుతోంది.

ఆ వడ్డీ కొలిచి కొలిచి అలసి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్న అన్నగారే గోవిందరాజస్వామి అన్నది మరో ముచ్చట. గుడి చరిత్ర చెప్పేది వేరు. చిదంబరంలో గోవిందరాజస్వామికి ఆపద వచ్చినప్పుడు, 12వ శతాబ్దంలో రామానుజులు ఆ స్వామిని తిరుపతిలో ప్రతిష్ఠించారని సంప్రదాయం. శయనమూర్తికి అలసటతో పనిలేదు.

తిరుమలలో రోజూ జరిగే కల్యాణోత్సవంలో పక్కన ఉన్నది పద్మావతి అనుకుని అక్షతలు వేసి వస్తారు చాలామంది. అక్కడ ఉత్సవమూర్తి మలయప్పస్వామికి ఇరువైపులా ఉండేది శ్రీదేవి, భూదేవి. పద్మావతీ పరిణయోత్సవం వైశాఖంలో విడిగా మూడు రోజులు చేస్తారు.

చివరగా బీబీ నాంచారి. ఢిల్లీ సుల్తాను కూతురు స్వామిని వలచి వచ్చి పెళ్ళాడిందని మనవైపు చెప్పుకుంటారు. ఈ కథకు గట్టి మూలాలున్నది మేల్కోటలో, శ్రీరంగంలో. మేల్కోట కథలో విగ్రహాన్ని ఢిల్లీ నుంచి తెచ్చింది రామానుజులు. సంప్రదాయం ప్రకారం ఆయన కాలం 1017 నుంచి 1137. ఢిల్లీ సుల్తానుల పాలన మొదలైంది 1206లో. ఇక 14వ శతాబ్దపు దండయాత్రలప్పుడు శ్రీరంగం ఉత్సవమూర్తి తిరుమలలో తలదాచుకుని 1371లో తిరిగి వెళ్ళింది. ఆ రాకపోకల్లోనే కథ కూడా కొండెక్కి ఉండవచ్చని నా అనుమానం. తేదీలు కుదరని కథే. అలాగని ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడి ముందు నిలబడి, బీబీ నాంచారి తమ ఆడపడుచు కనుక అల్లుడి ఇంటికని కొబ్బరికాయలతో వచ్చే ముస్లింలకు ఈ తేదీలు చెప్పిచూడండి. దర్శనానికి ఆలస్యమవుతోంది, పక్కకు జరగమంటారు.