ముఖానికి అద్దే పొడి – హక్కు ఎవరిది?

మే నెల మిట్టమధ్యాహ్నం. గండిమైసమ్మ చౌరస్తాలో మేడ్చల్ బస్సు కోసం నిలబడ్డారనుకోండి. నుదుట చెమట, ముక్కు పక్కన జిడ్డు! ఇల్లు చేరి, ముఖం తుడుచుకుని కాస్త పౌడరు అద్దుకుంటే హాయిగా ఉంటుంది. అలాంటి పొడిని మీరే తయారుచేస్తే దానికి పేటెంటు వస్తుందా?

ముందు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. వంటింట్లోని కార్న్‌ఫ్లోరు చెంచాడు పళ్లెంలో పోసి, రెండు చుక్కల నీళ్లు వేయండి. పొడి తడిని పీల్చుకుని ముద్దకడుతుంది. ఎందుకని? కార్న్‌ఫ్లోరు అంటే మొక్కజొన్న స్టార్చి. స్టార్చి అణువు అనేక గ్లూకోజు యూనిట్ల గొలుసు. వాటిలోని హైడ్రాక్సిల్ సమూహాలకు నీరంటే ఇష్టం. అందుకే మామూలు స్టార్చి చెమటకు ఉండలు కడుతుంది.

రసాయన శాస్త్రజ్ఞులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆక్టినైల్ సక్సినిక్ ఆన్‌హైడ్రైడ్ అనే పదార్థంతో చర్య జరిపి, స్టార్చి గొలుసుకు అక్కడక్కడ నూనెను ఇష్టపడే కర్బన తోకలు తగిలించారు. దానికి అల్యూమినియం లవణాన్ని జోడిస్తే నీటికి సులభంగా తడవని, జిడ్డును పీల్చే మెత్తని పొడి తయారవుతుంది. ఈ జాతి పదార్థాలకు కాల్డ్‌వెల్, వుర్జ్‌బర్గ్ అనే ఇద్దరు 1953లో అమెరికా పేటెంటు పొందారు. దాని గడువు ఏనాడో తీరిపోయింది. అందులో వివరించిన పద్ధతిని ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు.

పేటెంటు అంటే ఒక ఒప్పందం. మీ రహస్యాన్ని దాచకుండా వివరంగా రాసివ్వాలి. బదులుగా, దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 సంవత్సరాలపాటు మీ అనుమతి లేకుండా ఇతరులు దాన్ని తయారుచేసి అమ్మకూడదు. గండిమైసమ్మ వారు దరఖాస్తు చేయవలసింది చెన్నైలోని పేటెంటు కార్యాలయానికి.

1970 నాటి మన పేటెంట్ల చట్టం ఏమంటుందో చూడండి. "మొక్కజొన్న స్టార్చి జిడ్డు పీలుస్తుందని నేను కనుగొన్నాను" అంటే చాలదు. తెలిసిన పదార్థంలో కొత్త గుణం చూడటం కనుగొనడమే గాని కల్పన కాదు. స్టార్చిలో గంధం పొడి ఊరికే కలిపినా చాలదు. ఏ గుణం దానిదిగానే ఉంటే అది వట్టి మిశ్రమం. అమ్మమ్మ సున్నిపిండికీ పేటెంటు రాదు. అది తరతరాల సంప్రదాయ జ్ఞానం. మరి దేనికి వస్తుంది? లోకానికి కొత్తదై, ఆ విద్యలో ఆరితేరినవారికి కూడా సులభంగా తట్టనిదై, పరిశ్రమలో పనికివచ్చేదానికి.

ఇదంతా వట్టి కాగితాల గొడవ అనుకోకండి. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. అమ్మమ్మల జ్ఞానం రాతలో ఉండబట్టే నిలిచింది!

కనుక ఈ సెలవుల్లో మీ ఇంటి సున్నిపిండిలో ఏమేమి, ఎంతెంత వేస్తారో అడిగి, తేదీ వేసి రాసి ఉంచండి. ఆ తరువాత, దానిలో ఎవరూ చేయని మార్పు ఏమి చేయవచ్చో ఆలోచించండి.