పాత కారు దీపం ఎందుకు మసకబారుతుంది?

పాత కార్ల ప్రదర్శనలో 1927లో వచ్చిన ఫోర్డ్ మోడల్-ఏ వంటి కార్లకు ముందు రెండు పెద్ద గుండ్రటి దీపాలు కనిపిస్తాయి. కొన్నిటికి కొత్త బల్బు వేసినా వెలుతురు రోడ్డు మీద సరిగా పడదు. బల్బు బాగానే ఉంది గదా, వెలుగు ఏమైనట్లు? జవాబు మీ సైన్సు పాఠాల్లోనే ఉంది.

దీపంలో ఏముంది?

వెనుక గిన్నెలాంటి పరావలయ దర్పణం, దాని నాభి వద్ద బల్బు, ముందు గాజు. ఇవే ముఖ్యభాగాలు. నాభి నుంచి బయలుదేరిన కిరణాలు దర్పణం మీద పరావర్తనం చెంది సమాంతరంగా ముందుకు వస్తాయి. గాజు మీది నిలువు చారల్లో ప్రతి ఒక్కటీ ఒక చిన్న కటకం. అవి కిరణాలను కుడి ఎడమలకు పరచి రోడ్డు వెడల్పంతా వెలుగు నింపుతాయి. అందుకే గాజును విప్పి మళ్ళీ బిగించేటప్పుడు చారలు నిలువుగానే ఉండాలి. అడ్డంగా బిగిస్తే వెలుతురు పక్కలకు బదులు పైకీ కిందికీ పరచుకుంటుంది.

మసక ఎక్కడిది?

ఈనాటి కార్ల దీపాలకు ముందుండేది సాధారణంగా పాలికార్బొనేట్ ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల అది పసుపు పచ్చగా మారుతుంది. పాత దీపాల గాజు అలా మారదు. దానికి పట్టిన దుమ్మూ జిడ్డూ గోరువెచ్చని సబ్బునీటితో, మెత్తని బ్రష్షుతో కడిగితే పోతాయి. అయితే దీపం వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోయకూడదు. పైపొర చటుక్కున సంకోచిస్తుంది, లోపలి పొర ఇంకా వేడిగానే ఉంటుంది. గాజు పగిలిపోతుంది.

అసలు చిక్కు దర్పణంతోనే. మోడల్-ఏ దర్పణానికి వెండి పూత ఉంటుంది. మెరిసే వెండి తన మీద పడిన వెలుతురులో నూటికి 95 వంతుల దాకా తిప్పి పంపుతుంది. కాని గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడు తగిలితే దాని మీద నల్లని సిల్వర్ సల్ఫైడు ఏర్పడుతుంది. మీ ఇంట్లో వెండి పట్టీలు నల్లబడేదీ ఇందుకే.

మరి పట్టీలను బూడిదతో తోమినట్లు దర్పణాన్నీ తోమవచ్చా? కూడదు! పట్టీ నిండా వెండే. దర్పణం మీద ఉన్నది పలుచని పొర. గరుకు పొడితో రుద్దితే ఆ పొరే అరిగిపోతుంది. పడిన గీతల వద్ద కిరణాలు చెదిరిపోతాయి. వెండి కోసం తయారైన నున్నని పాలిష్‌ను దూదికి అద్ది, అతి తేలికగా తుడవాలి. పూత లేచిపోయి ఉంటే మళ్ళీ విద్యుత్ లేపనం చేయించవలసిందే.

దీపం ఊపిరి పీలుస్తుంది!

దీపం వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. సందుల గుండా కొంత బయటికి పోతుంది. ఆర్పగానే మిగిలిన గాలి సంకోచించి, బయటి గాలిని లోపలికి లాగుతుంది. దానితోపాటు దుమ్మూ నీటి ఆవిరీ వస్తాయి. చల్లని గాజు మీద ఆ ఆవిరి బిందువులుగా మారుతుంది. తేమ చేరితే వెండి మరింత త్వరగా నల్లబడుతుంది.

ఈ రాకపోకలను అరికట్టడానికే గాజుకూ దర్పణానికీ నడుమ కార్కు వలయం పెడతారు. ఏళ్ళు గడిస్తే కార్కు ఎండి, పగుళ్ళు ఇస్తుంది. కాబట్టి దీపాన్ని శుభ్రం చేసినప్పుడల్లా కార్కును పరీక్షించి, పాడైతే కొత్తది వేయాలి. ఈ పని ముసురు రోజున కాక, పొడి వాతావరణంలో చేయడం మంచిది. లేకుంటే తేమనే లోపల పెట్టి మూసినట్లవుతుంది.

1940లో అమెరికా కార్లకు సీల్డ్ బీమ్ దీపాలు వచ్చాయి. వీటిలో ముందు భాగమూ దర్పణమూ కలిసి విప్పడానికి వీలులేని ఒకే దీపంగా ఉంటాయి. దుమ్ము చొరబడదు. కాని పాడైతే మొత్తం మార్చవలసిందే.

మీ ఇంట్లో పాతకాలపు టార్చి ఉంటే బ్యాటరీలు తీసి, ముందు భాగం విప్పి చూడండి. గిన్నె, బల్బు, గాజు, బిగింపు వలయం అన్నీ కనిపిస్తాయి. గిన్నె లోపలి పూతను మాత్రం వేలితో ముట్టకండి. ఎందుకో మీకిప్పుడు తెలుసు!