ఎలుక నెత్తుటిలోని కాపలా

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల నల్లరేగడి చేలలో పత్తి, మిరప పండించు రైతులకు పురుగుమందు డబ్బాపై నుండు రంగు త్రికోణము చిరపరిచితము. 1971 నాటి నియమముల ప్రకారము ఎరుపు అన్నింటికంటె ప్రమాదకరము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఈ రంగు ఎట్లు నిర్ణయమగును? ప్రయోగశాలలోని జంతువులలో, సాధారణముగా ఎలుకలలో, సగము చచ్చుటకు కిలో బరువునకు ఎన్ని మిల్లీగ్రాముల మందు కావలెనో లెక్కింతురు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు 50 వరకు ఎరుపు, 51 మొదలు 500 వరకు పసుపు.

అయితే ఎలుక రక్తమును మన రక్తమును ఒకటి కావు.

క్లోర్‌పైరిఫాస్ వంటి భాస్వరపు మందును తీసికొందము. శరీరములో ప్రవేశించిన పిదప కాలేయము దానిని మరింత తీవ్రమైన రూపమునకు మార్చును. (విషమును విరుగగొట్టవలసిన అవయవమే ఇట్లు చేయుట విచిత్రము.) నాడులనుండి కండరములకు వార్త చేర్చు ఎసిటైల్ కోలిన్ అను పదార్థమును, పని తీరిన వెంటనే, కోలినెస్టరేజ్ అను మాంసకృత్తు విరుగగొట్టుచుండును. విషము ఆ మాంసకృత్తును గట్టిగా పట్టుకొని పనిచేయనీయదు. నోట చొంగ, కంట నీరు, చూపు మసక, చివరకు ఊపిరాడకపోవుట దాని ఫలితములే.

కాని విషము నాడులను చేరకముందు రక్తముగుండా పోవలెను. అచ్చట కొన్ని మాంసకృత్తులు దానిని తమకు అంటించుకొనును. ఒక్కొక్క అణువు ఒక్కొక్క విషాణువును పట్టి తానును పనికిరాకుండ పోవును. మన రక్తరసములో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ ఈ పని చేయును. ఆల్బుమిన్ కూడ కొంత పట్టును. ఎలుకలకు, చుంచెలుకలకు వీనితోపాటు కార్బాక్సిల్ ఎస్టరేజ్ అనునది రక్తరసములో సమృద్ధిగా కలదు. మనుష్యుల రక్తరసములో అది లేదు, కోతులకును లేదు. 2011లో అమెరికాలోని నెబ్రాస్కా పరిశోధకులు ఈ మాంసకృత్తు లేని చుంచెలుకలను సృష్టించిరి. సోమన్ అను యుద్ధవిషమునకు అవి మామూలు చుంచెలుకలకంటె సులభముగా లోనయ్యెను.

ఆహారములో అవశేషముల పరిమితి కట్టునపుడు శాస్త్రజ్ఞులు జంతువుల లెక్కను సాధారణముగా నూరుతో భాగింతురు. త్రికోణపు రంగునకు అట్టి భాగహారము లేదు. ఎలుక అంకెయే సూటిగా రంగగును. కావున పసుపు డబ్బాను చూచి ఎరుపు కాదుగదా అని చేతితొడుగులు మానుట తగదు.

మరియొక భేదము. ఎలుక ఎర్రకణము సుమారు 60 రోజులు, మనది 120 రోజులు బ్రతుకును. మన ఎర్రకణములలోని కోలినెస్టరేజ్ పూర్తిగా బిగిసిపోయినచో కొత్త కణములు పుట్టినగాని కొరత తీరదు, నెలలు పట్టును. ఆలోగా మరల పిచికారీ చేసినచో పాత కొరతపై కొత్త కొరత చేరును. వైద్యులు దీనిని రక్తపరీక్షతో కొలువగలరు. కాని ఈ మాంసకృత్తు అందరిలో ఒకే మోతాదులో నుండదు. అందుచే మందు చల్లు కాలమునకు ముందే ఒకసారి పరీక్ష చేయించుకొన్నవానికే తరువాతి అంకె స్పష్టముగా అర్థమగును.