ఇంటిబండిలో చుట్టపుచూపు

ఒకరి ఇంటికి చుట్టపుచూపుగా పోవుటలో ఎంత సంతోషము కలదో అంత సంకోచమును కలదు. చిన్నతనమున ఈ సంకోచము మనకు తెలియదు. అరుగుమీద ఒక చాప పరచిన చాలును, పదిమందిమి నిద్రపోవుదుము. వయస్సు పైబడిన కొలది ఒకరికి ఉప్పు తగ్గించిన కూర కావలెను. ఒకరు రాత్రి నాలుగు పర్యాయములు లేవవలసి యుండును. మరియొకరికి తమ తలగడ లేనిదే నిద్ర పట్టదు. అవతల ఇంటివారికిని వయస్సు వచ్చియే యుండును. వచ్చినవారికేమి లోటు జరుగునో అని వారికి దిగులు, వారికెంత శ్రమ కలిగింతుమో అని మనకు దిగులు. ఇట్లు ఉభయులును మొగమాటపడి, వచ్చే యేడు చూతములెమ్మని అనుకొనుచుండగనే యేండ్లు గడచిపోవును.

అమెరికా దేశమున ఈ చిక్కునకు ఒక ఉపాయము కలదు. అక్కడ పెక్కుమంది ఇంటినే వెంటబెట్టుకొని పోవుదురు. మంచము, వంటపొయ్యి, స్నానపుగది, మరుగుదొడ్డి, అన్నియు అమర్చిన మోటారుబండి అది. ఆ దేశస్థులు దానిని 'రిక్రియేషనల్ వెహికిల్' అనియు, పొడి అక్షరములలో 'ఆర్.వి.' అనియు పిలుతురు. మేము దానికి ఇంటిబండి అని పేరు పెట్టుకొంటిమి. ఒక వసంతకాలమున మేము దంపతులము, మా అబ్బాయియు అట్టి బండి నొకదానిని అద్దెకు తీసికొని, టెక్సస్ రాష్ట్రమందలి డాలస్ నుండి పెన్సిల్వేనియా యందలి పిట్స్‌బర్గ్ వరకు ప్రయాణము చేసితిమి. దారిలో మా మేనకోడలిని, ఇద్దరు పాత మిత్రులను చూచుట మా ఉద్దేశము.

ఇల్లు వెంటగొని పోవుట మనకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. గూడుబండిలో గడ్డి పరచుకొని, వంటసామగ్రి వేసికొని తీర్థములకు పోయిన పెద్దలు మన కుటుంబములలో ఉండిరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరినప్పుడు డేరాలతోను, పరివారముతోను పోయిరి. ఆ యాత్రావృత్తాంతమును వారు వ్రాసిపంపినది ఒక మిత్రునికే. ఆ మిత్రుడే దానిని 1838లో అచ్చు వేయించెను.

అమెరికాలో 1910లో పియర్స్-యారో అను సంస్థవారు ఒక బండిని ప్రదర్శించిరి. దాని వెనుక సీటు విప్పినచో పడక అయ్యెడిది. డ్రైవరు సీటు వెనుక మడతపెట్టిన చేతులు కడుగుకొను తొట్టి యుండెడిది. అది ధనవంతుల వేడుక. 1919లో ఫ్లారిడా యందలి టాంపాలో సామాన్యులు కొందరు 'టిన్ కాన్ టూరిస్టులు' అను సంఘముగా ఏర్పడిరి. అయోవా రాష్ట్రమందలి విన్నిబేగో కర్మాగారమువారు 1966 నుండి ఇట్టి బండ్లను పెద్ద ఎత్తున తయారుచేయుటతో మధ్యతరగతివారికిని అవి అందుబాటులోనికి వచ్చినవి.

బండి ఎంత మంచిదైనను దారి లేనిదే ఏమి చేయును? 1919లో అమెరికా సైనికదళము వాషింగ్టన్ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు మోటారుబండ్లతో పోయినప్పుడు 62 దినములు పట్టెను. ఆ దళములో నుండిన యువ అధికారి ఐసెన్‌హోవర్ తరువాత అధ్యక్షుడై, 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టముపై సంతకము చేసెను. ఈ రహదారులను సంఖ్యలతో గుర్తింతురు. సరిసంఖ్య గలవి తూర్పు పడమరలుగను, బేసిసంఖ్య గలవి ఉత్తర దక్షిణములుగను సాగును. మేము 30వ రహదారిపై లిటిల్‌రాక్ చేరి, 40పై మిసిసిపీ నది దాటి మెంఫిస్‌కును, అచటినుండి నాష్‌విల్‌కును పోయి, 65పై ఉత్తరముగా లూయివిల్ చేరితిమి. మొత్తము దారి సుమారు 1,230 మైళ్ళు, అనగా రమారమి 2,000 కిలోమీటర్లు. ఇంటిబండి లీటరు పెట్రోలునకు నాలుగు కిలోమీటర్లకు మించి పోవుట అరుదు. కనుక ఇది ఖర్చు తగ్గించు ప్రయాణమని ఎవరును భ్రమపడరాదు.

ఇక బండిలోని ఏర్పాటు చెప్పెదము. మా బండి పొడవు 25 అడుగులు. డ్రైవరు తలపై ఒక పడక, వెనుక ఒక పడక. క్రింద మూడు తొట్లు: ఒకటి మంచినీటికి, ఒకటి స్నానము చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు చేరుటకు, మూడవది మరుగుదొడ్డికి. మంచినీటి తొట్టి సుమారు 150 లీటర్లు పట్టును. కుళాయి తిప్పి వదలివేయు అలవాటున్నవారికి అది ఒక పూటకు చాలదు. తడిసి, కుళాయి కట్టి, సబ్బు రుద్దుకొని, మరల విప్పి స్నానము ముగించినచో ముగ్గురికి రెండు దినములు వచ్చును. మురికినీటిని ఎక్కడపడిన అక్కడ వదలరాదు. దానికై ఏర్పరచిన తావులు గలవు. ముందు మరుగుదొడ్డి తొట్టిని, పిదప స్నానపునీటి తొట్టిని ఖాళీ చేయవలెను. రెండవ నీరు పోవుచు గొట్టమును కడుగును. ఇదియే అందలి కిటుకు. పొయ్యికి ప్రొపేన్ గ్యాసు, దీపములకు 12 వోల్టుల బ్యాటరీ. శీతలయంత్రము మొదలగు పెద్దవి నడుపుటకు 30 ఆంపియర్ల విద్యుత్తు కావలెను. ఇది ప్రత్యేక విడిదులలో లభించును గాని, మామూలు ఇంటి గోడకుండు ప్లగ్గులో లభింపదు. మిత్రుని ఇంటినుండి తీగ లాగినచో బ్యాటరీ నింపుకొని దీపములు వెలిగించుకొనవచ్చును. అంతకు మించి ఆశించిన ఆ ఇంటి ఫ్యూజు పోవును.

ఇట్లు బంధుమిత్రుల వాకిట బండి నిలుపుకొని ఉచితముగా విడియుటను అమెరికనులు పరిహాసముగా 'మూచ్‌డాకింగ్' అందురు. తేరకు విడియుట అని దాని భావము. పేరు పరిహాసమే గాని, దానికిని మర్యాదలున్నవి. ముందుగా అడిగియే రావలెను. పెక్కు నివాసపేటలలో రాత్రివేళ ఇట్టి బండ్లను నిలుపరాదని ఇంటి యజమానుల సంఘములు నిబంధన పెట్టియుండును. వారి అనుమతియు పొందవలెను. వాకిలి ఎంత పల్లముగా నున్నదో, చెట్లకొమ్మలు ఎంత ఎత్తున నున్నవో కనుగొనవలెను. ఈ చివరి సంగతి మేము మరచితిమి. మెంఫిస్ సమీపమున మా మేనకోడలి వాకిటికి మలుపు తిరుగుచుండగా కొమ్మ ఒకటి తగిలి, బండి పైకప్పు బరబర గీసుకొనిపోయెను. బండి ఎత్తు 11 అడుగులని అద్దాలముందే వ్రాసియున్నది, తప్పు మాదే.

అక్కడనే మరియొక పాఠమును నేర్చుకొంటిమి. మొదటి రాత్రి భోజనము కాగానే, వారికి శ్రమ యెందుకని మేము మా బండిలోనికి పోయి తలుపు వేసికొంటిమి. తెల్లవారగనే మేనకోడలి చిన్నకూతురు వచ్చి, "తాతయ్యా, మా ఇల్లు బాగాలేదా?" అని అడిగినది. మేము సిగ్గుపడితిమి. శ్రమ ఇవ్వకుండుట వేరు, ఎడముగా నుండుట వేరు. ఇంటిబండి మొదటిదానికి సాధనమే గాని, ఏమరినచో రెండవదానికి దారితీయును. మరునాటి రాత్రి మేము పిల్లల గదిలో నేలమీదనే పరుండితిమి.

అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇట్టి బండి నొకటి కట్టించుకొని, చార్లీ అను కుక్కను తోడు తీసికొని దేశము చుట్టివచ్చెను. ఆ గ్రంథము 1962లో వెలువడినది. అందులోని కొన్ని వివరములు యథాతథములు కావని తరువాతి విమర్శకులు చూపిరి గాని, ఒక ఘట్టము మాత్రము అనుభవజ్ఞులకు సత్యముగానే తోచును. తన యౌవనము గడచిన మాంటెరేకు పోయి పాత మిత్రులను కలసికొన్నప్పుడు, తానెరిగిన ఊరును, ఆ ఊరెరిగిన తానును ఇప్పుడు లేమని ఆయన గ్రహించెను. ఇల్లు వెంట తెచ్చుకొనవచ్చును గాని, గడచిన కాలమును తెచ్చుకొనలేము. మేము లూయివిల్ చేరుటకు ముందు ఈ భయమే మమ్మును బాధించెను.

అచటి మిత్రుడు విశాఖపట్టణములో నాలుగు సంవత్సరములు మాతో ఒకే హాస్టలు గదిలో నుండినవాడు. మూడేండ్ల క్రిందట అతనికి పక్షవాతము వచ్చెను. కుడిచేయి పనిచేయదు, మాట సరిగా రాదు. అప్పటినుండి ఆ ఇంటికి రమ్మని ఎవరినిని పిలువలేదు. మేము టెలిఫోను చేయగా అతని భార్య, "అన్నయ్యగారూ, రండి అని చెప్పటానికి నాకు నోరు రావటం లేదు. ఆయన్ని చూసుకోవటంతోనే నాకు పొద్దు గడిచిపోతుంది. మీకు పక్క వేయటానికి కూడా గది లేదు" అనెను. "అమ్మా, పక్క మాకున్నది, పొయ్యి మాకున్నది. మీ వాకిట రెండు రాత్రులు చోటిస్తే చాలు" అంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, సంఘమువారిని అడిగి చెప్పెదననెను. వారము దినములలో అనుమతి వచ్చినది.

మేము దిగునప్పటికి అతడు గుమ్మములో చక్రముల కుర్చీలో కూర్చుండి యుండెను. మావైపు చాలసేపు చూచెను. పెదవులు కదలినవి గాని మా పేరు రాలేదు. తుదకు ఎడమచేయి ఎత్తి, "పదహారు" అనెను. అది మా హాస్టలు గది నంబరు.

బండిమెట్లు ఎక్కుట అతనికి సాధ్యము కాదు. కావున బండి ప్రక్కనుండు గుడారపు తెరను చాచి, దాని నీడలోనికి అతని కుర్చీని తెచ్చితిమి. లోపల కాఫీ డికాషను దింపి గ్లాసుతో అందించితిమి. ఆ సాయంకాలము మా వంట: చారు, కందిపచ్చడి, బంగాళాదుంపల వేపుడు. అతని భార్యను వంటయింటివైపు పోనీయక కుర్చీలో కూర్చుండబెట్టి వడ్డించితిమి. ఒకరు వండి పెట్టగా తాను కూర్చుండి తినుట ఈ మూడేండ్లలో ఇదే మొదలని ఆమె చెప్పెను. ఆ మరునాడు మా అబ్బాయి వారి స్నానపుగది గోడకు పట్టుకొనుటకు ఒక కమ్మి బిగించెను. మేము మిత్రుని ప్రక్కన కూర్చుండి పాత సంగతులు చెప్పుచుంటిమి. అతడు వినుచు, ఎక్కడ నవ్వవలెనో అక్కడ సరిగా నవ్వుచుండెను.

అక్కడినుండి 71, 70 రహదారుల మీదుగా పిట్స్‌బర్గ్ చేరి, రెండవ మిత్రుని చూచి, 1970 దశకమున వెలసిన అచటి వేంకటేశ్వరస్వామివారి ఆలయమును సేవించితిమి. ఆ మిత్రుడు ఆరోగ్యవంతుడు, విశాలమైన ఇల్లు గలవాడు. అతని యింట మాకు ఇంటిబండితో పనియే లేకపోయెను.

ఇంటిబండి సొంతముగా ఉన్నవారు కొందరే. కాని దానివలన నేర్చుకొనదగిన సంగతి అందరికిని పనికివచ్చును. రోగి యున్న ఇంటివారు, వయస్సు మీరిన ఇంటివారు మనలను పిలువకుండుట ప్రేమ లేక కాదు, చేయలేమను వెరపుచేతనే. అట్టి ఇంటికి పోవలసినప్పుడు మన పడక, మన మందులు, మన పూటభోజనము మనమే చూచుకొందుమని ముందే చెప్పవలెను. ఊరిలోనే ఒక సత్రములో దిగి, ఒక కారియరునిండ అన్నము తీసికొనిపోయినను చాలును. చెప్పిన పిదప ఆలస్యము చేయరాదు. మేము ఆ ప్రయాణమును ఒక యేడు వాయిదా వేసితిమి. ఆ యేడు ముందు పోయియుండిన, మా మిత్రుడు మమ్ము పేరుపెట్టి పిలిచియుండెడివాడని అతని భార్య చెప్పెను.