ఒక్కో పోగూ... ఒక్కో పేజీ!

'ఆయనకది పుట్టుకతోనే వచ్చింది. మనవల్ల ఎక్కడవుతుంది?' గొప్ప కవినో, కళాకారుణ్నో చూడగానే చాలామంది అనే మాటే ఇది. అదెంతవరకు నిజం? హిందూపురంలో ధర్మవరం వెళ్లే రైలెక్కితే తెలుస్తుంది. ఆ దారిలో ఇద్దరు ఉద్దండుల ఊళ్లున్నాయి మరి!

ముందుగా పెనుకొండ. పుట్టపర్తి నారాయణాచార్యులు(1914-1990) బాల్యం గడిచిందిక్కడే. 12 ఏళ్ల వయసులోనే 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశారాయన. తర్వాత విద్వాన్ పరీక్షకు వెళితే ఆ కావ్యమే పాఠ్యపుస్తకం! అంతటి ప్రతిభ ఉంది కదా అని ఆయన నేర్చుకోవడం ఆపలేదు. పెనుకొండలో సబ్‌కలెక్టర్ భార్య పిట్ దొరసాని దగ్గర ఇంగ్లిషు సాహిత్యం చదువుకున్నారు. నాట్యం అభ్యసించారు. ఒక్కొక్కటిగా 14 భాషలు పట్టుబట్టి నేర్చుకున్నారు. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'ను మలయాళంలోకి అనువదించారు. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు అగస్త్యేశ్వరాలయంలో రోజూ ప్రదక్షిణలు చేసేవారు. అందరి నోటా పలికిన 'శివతాండవం' పుట్టింది ఆ అడుగుల్లోంచే.

ఇక ధర్మవరం. 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు(1853-1912) పుట్టిన ఊరు. బళ్లారిలో ఆయన వృత్తి వకాలతు. కోర్టు పని చూసుకుంటూనే 'సరస వినోదిని సభ' స్థాపించారు. నాటకాలు రాయడం, నటించడం, నలుగురితో ఆడించడం... అన్నీ తానే. రాసినవి దాదాపు 30 నాటకాలు! తీరిక దొరికాక చూద్దామనుకుంటే అందులో ఒక్కటైనా పూర్తయ్యేదా?

ఇంగ్లండులోనూ ఇలాంటాయన ఒకరున్నారు. నవలాకారుడు ఆంథోనీ ట్రాలప్ తపాలాశాఖ ఉద్యోగి. తెల్లవారుజామున అయిదున్నరకే రాయడానికి కూర్చునేవారు. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటలు లెక్కన రాసేవారు. ఆ లెక్కే ఆయన చేత 47 నవలలు రాయించింది.

పుట్టుకతో వచ్చే తెలివి అందరికీ ఒకేలా ఉండదు, నిజమే. కానీ ఉన్నదాన్ని రోజూ పనిలో పెట్టడం మన చేతిలోదే. ధర్మవరం మగ్గాల దగ్గర కాసేపు నిలబడి చూడండి. పడుగులోంచి నాడె ఒకసారి వెళ్తే పడేది ఒక్క పోగే. పట్టుచీరైనా అలాగే పూర్తవ్వాలి.

అందుకే మీ అమ్మాయి వీణ ముందో, అబ్బాయి బొమ్మల పుస్తకం ముందో కూర్చుంటే 'వీళ్లకు వస్తుందా, రాదా' అని వెంటనే తేల్చేయకండి. 'ఇవాళ కాసేపు చేశావా?' అని అడగండి. రేపు కూడా అదే అడగండి!