ప్లాస్టిక్కు, యంత్రం, ఏరే చేతులు

చేవెళ్ల, మొయినాబాదు పల్లెల్లో పొలం గట్టెక్కి చూస్తే, ప్లాస్టిక్కు పట్నం నుంచి కొట్టుకొచ్చిన చెత్త మాత్రమే కాదని తెలుస్తుంది. అది వ్యవసాయంలోకే దిగింది. కూరగాయల మళ్లకు మల్చింగ్ షీట్లు, డ్రిప్పు గొట్టాలు, పూలతోటలకు పాలీహౌసు కప్పులు. పంట అయ్యాక షీటును చింపి గట్టు మీద తగలబెట్టడం నేను చాలాసార్లు చూశాను. రైతును తిట్టి లాభం లేదు. అమ్మినవాడు వెనక్కి తీసుకోడు. పాతసామాన్ల వాడు మట్టి అంటిన షీటును ముట్టడు.

"యంత్రం మనమే చేసుకుందాం" అనే మాట ఈమధ్య వింటున్నాను. దీనికి ఆధారం నెదర్లాండ్స్‌కు చెందిన డేవ్ హక్కెన్స్ 2013లో మొదలుపెట్టిన 'ప్రెషస్ ప్లాస్టిక్' ప్రయత్నం. ప్లాస్టిక్కును ముక్కలు చేసే యంత్రం, కరిగించి తీగలా తోసేది, అచ్చులోకి నెట్టేది, పలకగా అదిమేది: వీటి నమూనా చిత్రాలన్నీ ఉచితంగా ప్రజలకిచ్చారు. పేటెంటు పేరుతో జ్ఞానానికి తాళం వేసే కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

యంత్రంలో మంత్రమేమీ లేదు. మోటారు, గేరుబాక్సు, ఇరుసుకు గుచ్చిన ఉక్కు పళ్లు, కింద జల్లెడ. ఇది మొదటిది. ఇనుప గొట్టం, చుట్టూ వేడి పట్టీలు, లోపల తిరిగే మర. ఇది రెండోది. ట్రాక్టరు ట్రాలీలు బిగించే వెల్డింగు పనివాడికి, పక్కన లేతు ఉంటే, అందని విద్య కాదు.

కష్టమంతా యంత్రానికి ముందే ఉంది. ప్లాస్టిక్కు అన్నది ఇంటిపేరు మాత్రమే. గట్టి డబ్బాల పాలిథిన్ సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మూతల పాలీప్రొపిలిన్ 160 దగ్గర, నీళ్ల సీసాల పెట్ 250 దాటాక. అన్నీ కలిపితే వచ్చే పలక పుటుక్కున విరుగుతుంది. పి.వి.సి. ముక్క పడిందా, వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు లేచి పనివాడి గొంతు మండిస్తుంది. నీళ్లతొట్టిలో వేస్తే పాలిథిన్, పాలీప్రొపిలిన్ తేలుతాయి; పెట్, పి.వి.సి. మునుగుతాయి. పరీక్ష సులువే. కాని ముందు ఏరాలి, కడగాలి. ఎవరు? ఆ పనిని దళితులకు, అందులోనూ స్త్రీలకు వదిలేసిన సమాజం మనది. యంత్రాన్ని పొగిడే వ్యాసాల్లో ఆ చేతులు కనిపించవు. ఏరినవాళ్లకు కిలోకింత చిల్లర, యంత్రం గలవాడికి వస్తువు ధర అయితే, పాతసామాన్ల కొట్టే కొత్త బోర్డు కట్టుకున్నట్టు. యంత్రం ఏరేవాళ్ల సంఘానిదై ఉండాలని నా వాదన.

కడిగిన నీళ్ల మాటేమిటి? ఇక్కడి వాగులు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దారి పడతాయి. 1996 నాటి 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. 2022లో 69 జీవో ఆ కట్టడిని సడలించింది. జీవో మారితే వాగు వాలు మారదు. కడిగిన నీటిని తేర్చి, బట్టతో వడగట్టి, మళ్లీ అదే తొట్టికి వాడాలి. పురుగుమందు డబ్బాలను ఆ తొట్టిలో వేయనే కూడదు.

మల్చింగ్ షీటు మాత్రం ఈ యంత్రానికి లొంగదు. మరీ పలుచన, దాని బరువులో సగం మట్టే అనిపిస్తుంది. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు ప్యాకింగు ప్లాస్టిక్కును వెనక్కి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. ఆ బాధ్యతను షీటు దాకా పొడిగించమని రైతుసంఘాలు అడగాలి. పల్లెలో తిరిగే యంత్రాన్ని చూపించి కంపెనీ చేతులు దులుపుకుంటానంటే ఒప్పుకోరాదు.

ఈలోగా మొదలుపెట్టదలచినవాళ్లు సీసా మూతలతో, విరిగిన బకెట్లతో మొదలుపెట్టవచ్చు. అవి ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి, కడగడానికి నీళ్లూ తక్కువే పడతాయి.